బీమిమ్‌కి ఎంఐపీ చేస్తే ఎన్ఐపీ కూడా దాదాపు అంతే పట్టేస్తోంది. ఎక్కడ చూడాలి?

సింధు_ల్యాబ్

అందరికీ నమస్కారం. పర్యావరణ రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నీటి నమూనాల్లోంచి ఇమిడజోలియం రకం అయానిక్ ద్రవాలను (తక్కువ వేడికే కరిగి ద్రవమయ్యే లవణాలు) మాత్రమే ఏరి పట్టుకునే ఎంఐపీ, అంటే ఆ అణువు అచ్చు పడిన పాలిమర్ తయారు చేయాలి. టెంప్లేట్‌గా, అంటే అచ్చు వేసే అణువుగా, 1-బ్యూటైల్-3-మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్ తీసుకున్నాను. ఇక్కడ నుంచి బీమిమ్ క్లోరైడ్ అంటాను. మోనోమర్ (పాలిమర్‌గా గొలుసు కట్టే చిన్న అణువు) మెథాక్రిలిక్ యాసిడ్, గొలుసులని ముడివేసే క్రాస్‌లింకర్ ఈజీడీఎంఏ (ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్), చర్యని మొదలుపెట్టే ఇనీషియేటర్ ఏఐబీఎన్, ద్రావకం అసిటోనైట్రైల్. టెంప్లేట్, మోనోమర్, క్రాస్‌లింకర్ల మోల్ నిష్పత్తి మామూలుగా అందరూ వాడే 1:4:20. నైట్రోజన్ పంపి, సీల్ చేసి, 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాను. గట్టిపడిన ముద్దని నూరి జల్లెడ పట్టి, మిథనాల్-అసిటిక్ యాసిడ్ 9:1 మిశ్రమంతో సాక్స్‌లెట్‌లో (వేడి ద్రావకంతో పదేపదే కడిగే గాజు పరికరం) కడిగాను.

సమస్య ఏమిటంటే, టెంప్లేట్ లేకుండా చేసిన ఎన్ఐపీ కూడా బీమిమ్‌ని దాదాపు ఎంఐపీ అంత పట్టుకుంటోంది. ఇంప్రింటింగ్ ఫ్యాక్టర్ (ఎంఐపీ పట్టినదానికీ ఎన్ఐపీ పట్టినదానికీ నిష్పత్తి) 1కి కాస్త పైన, అంతే. గైడ్ గారు మోనోమర్ మార్చి చూడమంటున్నారు. 4-వినైల్ పిరిడిన్‌కి వెళ్ళాలా, లేక అసలు విషయం వేరే చోట ఉందా? రివ్యూ దగ్గరికొస్తోంది, టెన్షన్‌గా ఉంది.

పాలిమర్_రఘు

మోనోమర్ మార్చే ముందు మూడు సంగతులు చెప్పమ్మా. రీబైండింగ్ పరీక్ష, అంటే కడిగిన పాలిమర్ బీమిమ్‌ని మళ్ళీ ఎంత పట్టుకుంటుందో చూసే పరీక్ష, ఏ ద్రావకంలో చేశావు? నీళ్ళైతే పీహెచ్ ఎంత? మొదటి గాఢత ఎంత?

సింధు_ల్యాబ్

నీళ్ళలోనే సర్. అసలు నమూనాలు నీళ్ళే కదా అని. పీహెచ్ 7, పలుచని ఫాస్ఫేట్ బఫర్. 20 మి.గ్రా. పాలిమర్, 5 మి.లీ. ద్రావణం, మొదటి గాఢత లీటరుకి 50 మి.గ్రా. రాత్రంతా షేకర్ మీద ఉంచి, వడకట్టి, మిగిలినది హెచ్‌పీఎల్‌సీలో (ద్రవ క్రొమటోగ్రఫీ) యూవీ డిటెక్టర్‌తో 211 నానోమీటర్ల దగ్గర చూశాను.

పాలిమర్_రఘు

అయితే జవాబు సగం నీ మాటల్లోనే ఉంది. మెథాక్రిలిక్ యాసిడ్ పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) సుమారు 4.7. పాలిమర్‌లో కలిశాక కాస్త పెరుగుతుంది, అయినా పీహెచ్ 7 దగ్గర చాలా భాగం కార్బాక్సిలేట్‌గా, రుణావేశంతో ఉంటుంది. బీమిమ్ ఏమో ఏ పీహెచ్‌లోనైనా శాశ్వత ధనావేశం ఉన్న అయాన్. అంటే నీ సీసాలో జరుగుతున్నది మామూలు కేటయాన్ (ధనావేశ అయాన్) ఎక్స్ఛేంజ్. దానికి అచ్చు అవసరం లేదు, ఆవేశం చాలు. ఎన్ఐపీలో కూడా అన్ని కార్బాక్సిల్ గుంపులూ ఉన్నాయి కాబట్టి అదీ అంతే పడుతుంది. పాలిమర్ నిన్ను మోసం చేయలేదు, నువ్వు అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది.

ఇంకొకటి. లీటరుకి 50 మి.గ్రా. అంటే చాలా ఎక్కువ. నాన్-కోవలెంట్ పద్ధతిలో (టెంప్లేట్‌కీ మోనోమర్‌కీ మధ్య బలహీన ఆకర్షణలే తప్ప రసాయన బంధం లేకుండా) చేసిన ఎంఐపీలో మంచి సైట్లు కొన్నే ఉంటాయి, మిగతావి బలహీనమైనవి. ఎక్కువ గాఢతలో మంచివన్నీ ముందే నిండిపోతాయి, ఆ పైన నీకు కనిపించేదంతా బలహీన సైట్ల లెక్క. అందుకే ఒక్క బిందువు దగ్గర కాకుండా ఐసోథర్మ్ (గాఢతతో పాటు పట్టుకున్నది ఎలా మారుతుందో చూపే గీత) మొత్తం గీయాలి, ముఖ్యంగా కింది గాఢతల్లో. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం లెక్క కూడా రాస్తాను. పట్టుకున్నది = (మొదటి గాఢత – మిగిలిన గాఢత) × ఘనపరిమాణం ÷ పాలిమర్ బరువు. 50లో ఎంఐపీ దగ్గర 20 మిగిలిందనుకోండి: 30 × 0.005 ÷ 0.020 = గ్రాముకి 7.5 మి.గ్రా. ఎన్ఐపీ దగ్గర 35 మిగిలితే గ్రాముకి 3.75. రెండింటి నిష్పత్తి 2, అదే ఇంప్రింటింగ్ ఫ్యాక్టర్.

హరిత_బుసాన్

రఘు గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను దానికి ముందు దశ గురించి చెప్తాను, ఎందుకంటే నాకు అసలు ఇబ్బంది తయారీలోనే మొదలైందనిపిస్తోంది.

సింధూ, అసిటోనైట్రైల్‌లో ఆ మిశ్రమం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించు. మెథాక్రిలిక్ యాసిడ్ అక్కడ ప్రోటాన్ వదలదు, తటస్థంగానే ఉంటుంది. మరి అది ఎవరితో జత కడుతుంది? బీమిమ్ కేటయాన్‌తో కాదు. దాని ఓహెచ్ హైడ్రోజన్‌కి అక్కడ దొరికే మంచి తోడు క్లోరైడ్. ఇటు ఇమిడజోలియం రింగులో రెండో కార్బన్ మీది హైడ్రోజన్ ఆమ్ల స్వభావం ఉన్నది, అదీ క్లోరైడ్‌నే పట్టుకుంటుంది. అంటే గట్టిపడేటప్పుడు కార్బాక్సిల్ గుంపులు చేరింది క్లోరైడ్ చుట్టూ. తర్వాత నువ్వు నీళ్ళలో పరీక్షించింది కార్బాక్సిలేట్‌కీ బీమిమ్‌కీ మధ్య ఆకర్షణ. అచ్చు వేసింది ఒకదానికి, వెతికింది ఇంకొకదాన్ని.

అయానిక్ ద్రవాలకి ఎంఐపీ చేసేవాళ్ళు అనయాన్‌ని (రుణావేశ అయాన్‌ని) మర్చిపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. థియోఫిలిన్ లాంటి తటస్థ అణువుకి రాసిన రెసిపీని అయాన్ల జంటకి యథాతథంగా దించేస్తారు. 1993లో మోస్‌బాక్ బృందం థియోఫిలిన్, డయాజెపామ్‌లకి చేసిన ఎంఐపీలు యాంటీబాడీల్లా పనిచేస్తాయని చూపించాక ఆ రెసిపీ ప్రపంచమంతా పాకింది. ఆ టెంప్లేట్లకి వెంట తిరిగే ప్రతి-అయాన్ లేదు. మనకి ఉంది.

నా సలహా: క్లోరైడ్‌ని ముందే తీసెయ్. బీమిమ్ మెథాక్రిలేట్ తయారు చేసుకో. సిల్వర్ మెథాక్రిలేట్‌తో కలిపితే సిల్వర్ క్లోరైడ్ అవక్షేపంగా దిగిపోతుంది, వడకట్టుకోవచ్చు. ఖర్చు వద్దనుకుంటే, హైడ్రాక్సైడ్ రూపంలో ఉన్న అనయాన్ ఎక్స్ఛేంజ్ రెసిన్ గుండా బీమిమ్ క్లోరైడ్ పంపి, వచ్చిన ద్రావణాన్ని వెంటనే సరిగ్గా ఒక సమానం మెథాక్రిలిక్ యాసిడ్‌తో తటస్థం చెయ్యి. ఆ హైడ్రాక్సైడ్ నిలవ ఉండదు, పక్కన పెట్టి టీ తాగి రావద్దు. నీళ్ళు తీసేటప్పుడు వేడి ఎక్కువ పెట్టకు, చేతిలో ఉన్నది మోనోమర్ లవణం కాబట్టి ఫ్లాస్కులోనే పాలిమర్ అయిపోగలదు.

ఇలా చేస్తే ఒక్కో కేటయాన్‌కి ఒక్కో కార్బాక్సిలేట్ ముందే జత పడి ఉంటుంది. నాలుగు రెట్లు యాసిడ్ పోయాల్సిన పని లేదు, అదనపు కార్బాక్సిల్ గుంపులు లేకపోతే ఊరికే పట్టుకునే సైట్లు కూడా తగ్గుతాయి.

సింధు_ల్యాబ్

హరితక్కా, క్లోరైడ్ గురించి ఇంతవరకూ ఎవరూ నాకు ఇలా చెప్పలేదు. చాలా థాంక్స్. మరి క్లోరైడ్ బదులు హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లేదా ఎన్‌టీఎఫ్2 (బిస్-ట్రైఫ్లోరోమిథైల్‌సల్ఫొనైల్ ఇమైడ్) అనయాన్ ఉన్న బీమిమ్ కొంటే సరిపోదా? అవి పెద్ద అనయాన్లు, కేటయాన్‌ని అంత గట్టిగా పట్టుకోవు కదా.

హరిత_బుసాన్

ఆలోచన సరైనదే. జంట వదులుగా ఉంటుంది కాబట్టి 4-వినైల్ పిరిడిన్ లాంటి తటస్థ మోనోమర్ రెండో కార్బన్ మీది హైడ్రోజన్ దగ్గరికి వెళ్ళే అవకాశం పెరుగుతుంది. మీ గైడ్ గారు చెప్పిన మోనోమర్‌ని వాడాలంటే ఆ అనయాన్‌తోనే వాడాలి, క్లోరైడ్‌తో కాదు. కానీ హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వద్దు. తేమ, వేడి, ఆమ్లం తగిలితే విచ్ఛిన్నమై హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తుంది. నువ్వేమో అసిటిక్ యాసిడ్‌తో వేడిగా సాక్స్‌లెట్ నడుపుతావు. గాజు సంగతి పక్కన పెట్టు, చేతులకీ ఊపిరితిత్తులకీ అది చాలా ప్రమాదం. టెట్రాఫ్లోరోబోరేట్ కూడా నీళ్ళలో నెమ్మదిగా విడిపోతుంది. ఎన్‌టీఎఫ్2 స్థిరమైనది.

నీటిబొట్టు

నేను నీటి నమూనాల విశ్లేషణలో ఉద్యోగం చేస్తున్నాను. చర్చ బాగుంది కానీ ఒక సూటి ప్రశ్న. ఇంత కష్టం ఎందుకు? బజారులో బలహీన కేటయాన్ ఎక్స్ఛేంజ్ కార్ట్రిడ్జ్‌లు దొరుకుతాయి. నమూనా పోయండి, మిథనాల్‌తో కడగండి, ఫార్మిక్ యాసిడ్ కలిపిన మిథనాల్‌తో దించండి, ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌లో (ద్రవ క్రొమటోగ్రఫీకి జత చేసిన మాస్ స్పెక్ట్రోమీటర్) పెట్టండి. అయాన్ల ద్రవ్యరాశి చూస్తే బీమిమ్ 139 నుంచి 83, హెక్సైల్ 167 నుంచి 83, ఆక్టైల్ 195 నుంచి 83. పక్క గొలుసు ఆల్కీన్‌గా ఊడిపోయి మిథైల్ ఇమిడజోలియం 83 దగ్గర మిగులుతుంది. మాస్ స్పెక్ట్రోమీటరే ఏరుతుంది, పాలిమర్ ఏరాల్సిన పని లేదు.

పాలిమర్_రఘు

మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబ్‌కి మీ మాట చాలావరకు నిజం. రెండు చోట్ల మాత్రం ఒప్పుకోను.

ఒకటి, మ్యాట్రిక్స్, అంటే నమూనాలో ఉండే మిగతా పదార్థాలన్నీ. కార్ట్రిడ్జ్ ధనావేశం ఉన్న ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. మన దగ్గరి ఉదాహరణే తీసుకోండి. పటాన్‌చెరు దగ్గర ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షిస్తే సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకి 31 మి.గ్రా. దాకా ఉంది. దానితో పాటు మెటోప్రొలాల్, సిటలోప్రామ్, సెటిరిజిన్ కూడా. చాలావరకు అమైన్ ఉన్న మందులే, ప్రోటాన్ అందుకుని కేటయాన్లయ్యేవే. అలాంటి నీటిలో లీటరుకి మైక్రోగ్రాముల్లో ఉన్న ఇమిడజోలియంని వెతకాలంటే కార్ట్రిడ్జ్ ముందు ఆ మందులతోనే నిండిపోతుంది. దించాక అవన్నీ కలిసి వస్తాయి, ఎలక్ట్రోస్ప్రేలో (ద్రావణాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్ కోసం అయాన్లుగా మార్చే దశ) సిగ్నల్‌ని అణిచేస్తాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ ఏరుతుంది నిజమే, కానీ తన దాకా అయాన్‌గా వచ్చినదాన్నే ఏరగలదు.

రెండు, మాస్ స్పెక్ట్రోమీటర్ లేని కాలేజీలు. మన రెండు రాష్ట్రాల్లో చాలా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ల్యాబ్‌లలో ఉన్నది యూవీ డిటెక్టర్‌తో హెచ్‌పీఎల్‌సీయే. 211 నానోమీటర్ల దగ్గర ప్రపంచంలో సగం అణువులు శోషించుకుంటాయి. అక్కడ నమూనా శుభ్రంగా రావడమే ప్రాణం. ఆ అమ్మాయి చేస్తున్న పనికి అక్కడే విలువ.

నీటిబొట్టు

సిగ్నల్ అణిగిపోవడం గురించి ఒప్పుకుంటాను, డ్యుటీరియం ఉన్న అంతర్గత ప్రమాణం వాడితే కొంత సరిచేయొచ్చు కానీ అది ఖరీదు. అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. ఎంఐపీ కూడా చివరికి కార్బాక్సిలేట్‌తోనే పట్టుకుంటే సిటలోప్రామ్ దాని మీద ఎందుకు ఆగదు?

హరిత_బుసాన్

ఆగుతుంది. మొదట అన్నీ ఆగుతాయి. ఎంపిక జరిగేది నమూనా పోసేటప్పుడు కాదు, కడిగేటప్పుడు.

నమూనా నీళ్ళుగా పోసినప్పుడు ఆవేశం పనిచేస్తుంది, హైడ్రోఫోబిక్ ఆకర్షణ పనిచేస్తుంది, అచ్చుకి పెద్దగా పని ఉండదు. తర్వాత కార్ట్రిడ్జ్‌ని బాగా ఆరబెట్టి అసిటోనైట్రైల్‌తో కడిగితే నీటి వల్ల అంటుకున్నవి వదిలిపోతాయి. ఆ తర్వాత అసిటోనైట్రైల్‌లో కొద్దిగా అమ్మోనియం అసిటేట్ కలిపి (పూర్తిగా కరగడానికి ఐదారు శాతం నీళ్ళు అవసరం) రెండోసారి కడగాలి. అమ్మోనియం అయాన్లు బయటి కార్బాక్సిలేట్ల మీది కేటయాన్లని నెట్టేస్తాయి. అచ్చు గుంటలో సరిగ్గా కూర్చున్న బీమిమ్‌ని నెట్టడానికి ఎక్కువ లవణం కావాలి. ఆ రెండు గాఢతల మధ్య దూరమే నీ పద్ధతి. ఎంఐపీ, ఎన్ఐపీ కార్ట్రిడ్జ్‌లు పక్కపక్కన పెట్టి, లవణం గాఢత మెల్లగా పెంచుతూ ప్రతి కడుగులో ఏది ఎంత దిగిందో గీసుకో. చివరికి ఫార్మిక్ యాసిడ్ మిథనాల్‌తో దించు.

యూవీ వాడేవాళ్ళకి ఒక జాగ్రత్త: ఫార్మిక్, అసిటిక్ ఆమ్లాలు రెండూ 210 దగ్గర గట్టిగా శోషించుకుంటాయి. దించినదాన్ని నైట్రోజన్ కింద ఆరబెట్టి మొబైల్ ఫేజ్‌లో మళ్ళీ కరిగించాకే ఇంజెక్ట్ చేయాలి. మొబైల్ ఫేజ్‌లో కూడా ఫాస్ఫేటే ఉండాలి, అసిటేట్ వద్దు. కాలమ్‌లోని సిలికా మీది సిలనాల్స్ వల్ల పీక్ తోక లాగితే కాస్త ట్రైఇథైలమైన్ సాయం చేస్తుంది.

ప్లాంట్_వెంకట్

నేను రసాయన కర్మాగారాల వ్యర్థ జలాల శుద్ధి పనిలో ఉన్నాను, మీ అంత చదువు లేదు. రెండు అడగాలని ఉంది. ఈ అయానిక్ ద్రవాలు ఆవిరి కావు, పర్యావరణానికి మంచివి అని సేల్స్ వాళ్ళు చెప్తారు. మరి నీళ్ళలో వెతకడం దేనికి? రెండోది, ఈ పాలిమర్‌ని పెద్ద కాలమ్‌లో నింపి ప్లాంట్ నీటి నుంచి వాటిని తీసేయొచ్చా?

నీటిబొట్టు

వెంకట్ గారూ, ఆవిరి కావన్నది దాదాపు నిజం. కానీ గాలిలోకి పోనిది నీళ్ళలోకి పోతుంది. బీమిమ్ క్లోరైడ్ లాంటివి నీళ్ళలో పూర్తిగా కరుగుతాయి. సెల్యులోజ్‌ని కరిగించే పని ఉంది చూడండి, 2002లో అమెరికాలో రోజర్స్ బృందం ఈ బీమిమ్ క్లోరైడ్‌తోనే చూపించింది, అందులో సెల్యులోజ్‌ని మళ్ళీ బయటికి తీయడానికి నీళ్ళే పోస్తారు. ఆ కడిగిన నీళ్ళలో ద్రావకం మిగులుతుంది.

విషస్వభావం పక్క గొలుసు పొడవుతో పెరుగుతుంది. బ్యూటైల్ కంటే ఆక్టైల్ నీటిలోని బాక్టీరియాకీ, డాఫ్నియా అనే చిన్న నీటిపురుగుకీ చాలా ఎక్కువ హాని చేస్తుంది, కణపొరల్లోకి దూరుతుంది కాబట్టి. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ ప్రాంతంలో ఒక చెత్త పూడ్చిన స్థలం దగ్గరి మట్టిలో ఆక్టైల్ మిథైల్ ఇమిడజోలియం దొరికింది. కాలేయానికి వచ్చే ఒక ఆటోఇమ్యూన్ జబ్బుకి దానితో సంబంధం ఉండొచ్చని 2018లో పరిశోధకులు ప్రతిపాదించారు. అది ఇంకా ప్రతిపాదనే, కానీ మట్టిలో దొరకడం మాత్రం ప్రతిపాదన కాదు.

అనయాన్ వైపు కూడా చూడాలి. పైన ఎన్‌టీఎఫ్2 స్థిరమైనదని హరిత గారు అన్నారు. ల్యాబ్‌కి అది సుగుణం, నదికి కాదు. లిథియం బ్యాటరీల్లో వాడే లవణంలో ఉండేదీ ఇదే అనయాన్. అమెరికా, బెల్జియం, ఫ్రాన్స్‌లలో తయారీ కేంద్రాల దగ్గర నీటిలో, మట్టిలో ఇది కనిపించిందని 2024లో వెలువడింది. అక్కడ వెతికిన విధంగా మిగతా చోట్లా వెతకాలని నా గట్టి కోరిక.

పాలిమర్_రఘు

వెంకట్ గారి రెండో ప్రశ్నకి: ప్లాంట్‌కి ఎంఐపీ వద్దండీ. గ్రాముకి కొన్ని మిల్లీగ్రాములు పట్టే పదార్థం, తయారీలో ఖరీదైన క్రాస్‌లింకర్ ఎనభై శాతం పైన, తర్వాత రోజుల తరబడి కడగడం. ఏ కేటయాన్ వచ్చినా తీసేయడమే మీ అవసరం, ఎంపికతో పని లేదు. మామూలు బలమైన కేటయాన్ ఎక్స్ఛేంజ్ రెసిన్ దానికి చౌక, పునరుద్ధరణా సులువు. నీటిలో ఉప్పు ఎక్కువుంటే మాత్రం రెసిన్ త్వరగా నిండుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ మీద బ్యూటైల్, ఇథైల్ లాంటి పొట్టి గొలుసులవి సరిగా నిలవవు, ఆక్టైల్ నిలుస్తుంది. ఎంఐపీ చోటు నమూనా శుద్ధి, సెన్సర్లు. అక్కడ దానికి సాటి లేదు, ప్లాంట్‌లో పెడితే డబ్బు దండగ.

ప్లాంట్_వెంకట్

అర్థమైంది సర్, ధన్యవాదాలు. మా నీటిలో ఉప్పు బాగా ఎక్కువ, దాని గురించి విడిగా అడుగుతాను.

సింధు_ల్యాబ్

హరితక్క చెప్పిన బీమిమ్ మెథాక్రిలేట్ దారే పట్టాలని గైడ్ గారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ముద్ద కాకుండా ప్రెసిపిటేషన్ పద్ధతిలో (పాలిమర్ చిన్న రేణువులుగా దిగే పద్ధతి) చేద్దామనుకుంటున్నాను, నూరే పని ఉండదు కదా. ఇంకా రెండు భయాలున్నాయి. సాక్స్‌లెట్ తర్వాత కూడా బీమిమ్ కొంచెం కొంచెం కారుతూనే ఉంది. ట్రేస్ స్థాయిలో కొలిచేటప్పుడు అదే నమూనాలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక రీఏజెంట్ల శుద్ధి గురించి ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

పాలిమర్_రఘు

కారడం ఎంఐపీలకి పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి మందు డమ్మీ టెంప్లేట్. నువ్వు కొలవాల్సింది బీమిమ్ అయితే అచ్చు ప్రొపైల్ మిథైల్ ఇమిడజోలియంతో వెయ్యి. రింగు అదే, గొలుసులో ఒక కార్బన్ తక్కువ. కారినా ఆ పీక్ వేరే చోట వస్తుంది, నీ లెక్క చెడదు. బ్యూటైల్ కాస్త ఇరుకుగా కూర్చుంటుంది, దానికి సిద్ధపడాలి. కడగడానికి అసిటిక్ యాసిడ్ బలం చాలదు, కార్బాక్సిలేట్‌ని పూర్తిగా ప్రోటాన్‌తో నింపాలి. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన మిథనాల్‌తో, చల్లగా, షేకర్ మీద పదేపదే కడుగు. సాక్స్‌లెట్‌లో మాత్రం వద్దు, వేడి మిథనాల్‌లో బలమైన ఆమ్లం ఈజీడీఎంఏ ఎస్టర్లని తినేస్తుంది. కడిగిన ప్రతిసారీ ఎంత దిగిందో కొలిచి, అన్నీ కూడి, వేసిన టెంప్లేట్‌తో పోల్చి చూసుకో.

ఈజీడీఎంఏని బేసిక్ అల్యూమినా గుండా పంపితే ఇన్హిబిటర్ (నిలవలో పాలిమర్ కాకుండా ఆపడానికి కలిపేది) పోతుంది. మెథాక్రిలిక్ యాసిడ్‌ని అలా పంపకూడదు, ఆమ్లం కాబట్టి అల్యూమినాకే అంటుకుంటుంది. దాన్ని వాక్యూమ్‌లో తక్కువ వేడి మీద డిస్టిల్ చేయాలి. ఏఐబీఎన్‌ని మిథనాల్‌లో రీక్రిస్టలైజ్ చేసుకో. నైట్రోజన్ విషయంలో తొందరపడకు, ఆక్సిజన్ మిగిలితే రాడికల్స్‌ని మింగేస్తుంది. ప్రెసిపిటేషన్‌కి ద్రావకం బాగా ఎక్కువ కావాలి: మొత్తం మోనోమర్లు రెండు గ్రాములైతే ద్రావకం 70 నుంచి 100 మి.లీ. దాకా. ఆ పలుచనలో జంటలు విడిపోయే అవకాశం ఎక్కువ, అయానిక జంట కాబట్టి నీకు కొంత మేలు.

సింధు_ల్యాబ్

రాసుకున్నాను సర్. ఒక్కటే చిక్కుముడి మిగిలింది. ఈ కొత్త పద్ధతిలో ఎన్ఐపీ ఎలా చేయాలి? టెంప్లేట్ తీసేస్తే మెథాక్రిలేట్ లవణం కాదు, ఉత్త మెథాక్రిలిక్ యాసిడ్ అవుతుంది. అప్పుడు రెండు పాలిమర్లూ వేరే వేరే పరిస్థితుల్లో పెరిగినట్టే కదా? పోల్చడం న్యాయమేనా?

హరిత_బుసాన్

ఈ ప్రశ్న రివ్యూలో నువ్వే ముందు లేవనెత్తు, చాలా మంచి ప్రశ్న. తటస్థ యాసిడ్‌తో చేసిన ఎన్ఐపీలో రంధ్రాల పరిమాణం, ఉపరితల వైశాల్యం వేరుగా ఉండొచ్చు. నైట్రోజన్ అధిశోషణ కొలతలు రెండింటికీ తప్పకుండా తీయించు. లేకపోతే తేడా అచ్చు వల్ల వచ్చిందో, వైశాల్యం వల్ల వచ్చిందో చెప్పలేం.

దానికన్నా గట్టి పోలిక ఇంకొకటి ఉంది. అదే రెసిపీలో బీమిమ్ బదులు టెట్రాబ్యూటైల్ అమ్మోనియం మెథాక్రిలేట్ వేసి మూడో పాలిమర్ చెయ్యి. ఆవేశం అంతే, కార్బాక్సిలేట్ల సంఖ్య అంతే, ఆకారం మాత్రం వేరు: చదునైన రింగు బదులు నాలుగు చేతులు చాచిన గుండ్రటి అయాన్. తర్వాత రెండు పాలిమర్ల మీదా రెండు కేటయాన్లనీ, తక్కువ గాఢతలో, ఒకే ద్రావణంలో పోటీకి పెట్టు. టెట్రాబ్యూటైల్ అమ్మోనియం యూవీలో కనబడదు, దానికి ఎవరిదైనా మాస్ స్పెక్ట్రోమీటర్ లేదా కండక్టివిటీ డిటెక్టర్ ఉన్న అయాన్ క్రొమటోగ్రఫీ అడగాలి.

బీమిమ్ పాలిమర్ బీమిమ్‌నీ, రెండోది టెట్రాబ్యూటైల్‌నీ ఎక్కువ పట్టుకుంటే నీ అచ్చు నిజమైనది. రెండూ ఒకే అయాన్‌ని ఎక్కువ పట్టుకుంటే అది హైడ్రోఫోబిక్ గుణం చూపిస్తున్న ఎక్స్ఛేంజర్, ఆకారం కాదు. అలాంటప్పుడు క్రాస్‌లింకర్‌ని డైవినైల్ బెంజీన్‌కి మార్చే ముందు, 60 డిగ్రీల వేడి బదులు 365 నానోమీటర్ల యూవీ దీపం కింద 4 డిగ్రీల దగ్గర అదే మిశ్రమాన్ని మళ్ళీ చేసి చూడు. చల్లగా గట్టిపడినప్పుడు జంటలు తక్కువ కదులుతాయి.